ఇరవై మూడో నంబరు బిళ్ళ

గోదావరిఖని,
అక్టోబరు 6.

కాబోయే లెఫ్టినెంటు జమునకు తాత ఎల్లేశం సెల్యూట్ కొట్టి రాసేది ఏందంటే,

నా కొత్త చెప్పులల్ల కుడిది కిర్రుమంటంది. ఎడమది అంటలేదు. రెండూ అన్నా బాగుండు, రెండూ అనకున్నా బాగుండు. గిదేం పద్ధతి? ఎనుకనుంచి పోయి ఎవలనన్న బెదిరిద్దామంటే, నేను మూల తిరుగకముందే "ఎల్లేశం వస్తుండు" అని గల్లి మొత్తానికి ఎరుకైతంది. యాభై ఏండ్ల సంది సంపాయించుకున్న ఇజ్జత్ ఒక్క చెప్పు తీసింది. దుకాన్ల అడిగితే "నడువంగ నడువంగ పోతది తాతా" అన్నడు. పోయేది కిర్రో, నేనో చెప్పలే.

ఇగ అసలు ముచ్చట. మీ నాయిన సంపత్ నిన్న మొదటి షిఫ్టు చేసి అచ్చి, అన్నం ముందట పెట్టుకొని గోడ దిక్కు చూస్తుండు. ఏందిరా అంటే "జమున కాలేజి ఇడిసిపెడ్తదట నాయినా" అన్నడు. ఆగస్టుల నువ్వు ఆ మిలిటరీ అకాడమీ ఇంటర్వ్యూకు భోపాల్ పోయినవు. ఐదు దినాలు ఉరికినవు, దుంకినవు, ఆకరి దినం వాపస్ పంపిన్రు. ఏమాయె? డిసెంబర్ల మల్ల ఫారం ఉన్నది, ఏప్రిల్ల పరీక్ష ఉన్నది. వయసు లెక్కకు గిదే నీకు ఆకరిపారి, అది నాకూ ఎరుకే. కని డిగ్రీ నడుమల ఇడిసి హైద్రబాద్ కోచింగుల కూసుంటే, రేపు అదీ రాకపోతే నీ చేతుల ఏం మిగులుతది?

ఆడ బొమ్మ చూపెట్టి నాలుగు నిమిషాలల్ల చేతితోని కత రాయమంటరని, నీ చెయ్యి జల్ది నడుస్తలేదని, మొబైలు వార్డెనమ్మకిచ్చి ఇగ ఉత్తరాలే రాస్తనంటివి. మంచిది. నేను ఏడో తరగతి సగం దాకనే పోయినోన్ని. తప్పులు దిద్ది మార్కులు ఎయ్యకు.

ఇట్లు,
కూసున్న కాడికెళ్ళే సెల్యూట్ కొట్టిన
నీ తాత ఎల్లేశం

తా.క.: గల్లిల అందరికి నువ్వు అప్పుడే మేజర్ అయినవని చెప్పిన. పక్కింటి భూపాల్ వాళ్ళ కొడుకు బదిలీ గురించి నీతోని మాట్లాడాల్నట. జర చూడు.


కరీంనగర్, హాస్టలు,
అక్టోబరు 14.

మేజర్ చేసిన తాతకు జమున దండాలు.

నేను మంచిగనే ఉన్న. హాస్టల్ల వంట చేసే సారలమ్మక్క మన దిక్కు మనిషే, రామకృష్ణాపూర్. వాళ్ళ నాయిన నీతోని బొగ్గుబాయిల పనిచేసిండట. నీ పేరు చెప్పంగనే నవ్వింది. ఎందుకు నవ్వినవ్ అంటే చెప్పలే.

తాతా, నువ్వు నాయిన దిక్కు మాట్లాడకు. భోపాల్ల ఇంటర్వ్యూ చేసిన పెద్దసారు నన్ను ఒక్కటే అడిగిండు. "ఈసారి రాకపోతే ఏం చేస్తవు?" అని. "మల్ల ఇదే రాస్త సార్" అన్న. "అది కాకుండ?" అన్నడు. నేను మల్ల "ఇదే సార్" అన్న. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నడు. అప్పుడే నాకు సమజైంది, నేను సగం మనసుతోని చేసిన అని. సగం కాలేజికి, సగం దీనికి. ఈసారి మొత్తం దీనికే పెడ్త. నవంబర్ ఆఖర్ల టీసీ తీసుకుంట. అప్లికేషన్ కూడ రాసి పుస్తకంల పెట్టుకున్న.

కోప్పడకు.

నీ మనవరాలు
జమున

తా.క.: నా పెట్టె అడుగున, బట్టల కింద ఒక ఇత్తడి బిళ్ళ దొరికింది. రూపాయి కంటె జర పెద్దగున్నది. పైన బెజ్జం, పక్కకు ఒక సొట్ట, నడుమల 23 అని అంకె. ఎవలది ఇది? మిట్టమధ్యాహ్నం, ఫ్యాను లేక అందరం ఉడికిపోతుంటే, అది మాత్రం బాయి నీళ్ళల్లకెళ్ళి తీసినట్టు సల్లగున్నది.


గోదావరిఖని,
అక్టోబరు 20.

కెప్టెన్ జమునకు (మేజర్ నుంచి దించిన, కాలేజి ఇడుస్త అన్నందుకు) తాత రాసేది,

నీ ఉత్తరం సదివి చాయ్ ఒలకవోసుకున్న. ఇరవై మూడా? సక్కగ చూసినవా? ముప్పై రెండు తిరగేసి చూస్తలేవు కదా?

బిడ్డా, బాయిల దిగేముందు ల్యాంపులిచ్చే రూంల ఒక పలక ఉంటది. దానికి మొలలు. ఒక్కొక్క మొలకు ఒక్కొక్కని నంబరు బిళ్ళ. దిగేటోడు తన బిళ్ళ తీస్కొని దిగాలె, పైకచ్చినంక మల్ల అదే మొలకు తగిలెయ్యాలె. మొల ఖాళీగున్నదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. వాడు ఇంట్ల మంచం మీద పండుకున్నా సరే, లెక్కల మాత్రం కిందనే. అందుకే ఎవలూ షిఫ్టు నడుమల బిళ్ళ పక్కకేసి పోరు.

ఇరవై మూడు గట్టయ్యది. నా జోడు. ఇద్దరం ఒక్క కాడనే బొగ్గు నింపేటోళ్ళం. ఒకనాడు మొదటి షిఫ్టు అయినంక గట్టయ్య బావమర్ది పెండ్లికని మందమర్రి ఉరికిండు. ఈడ మొల ఖాళీ. ఇగ చూడు, బాయి బాయంత లేచింది. రెండో షిఫ్టోళ్ళు పని బంద్ పెట్టి మలుపు మలుపున "గట్టయ్యా" అని కేకలు. కింద కేకేస్తే అది ఈడి లెక్క వాపస్ రాదు జమునా. జర ఆగి, ఇంకొకని గొంతుల వస్తది. ఆనాడు మేం పిలిచినప్పుడల్ల లోపటికెళ్ళి ఎవడో "ఆ" అని పలికిండు. అందరం ఇన్నం. గట్టయ్యేమో మందమర్రిల మూడోపారి బగారన్నం పెట్టిచ్చుకుంటుండు.

మరి పలికింది ఎవలో ఇప్పటిదాక తెల్వదు.

"నేను తగిలేసే పోయిన" అని గట్టయ్య సచ్చేదాక ఒట్టు పెట్టిండు. ఎవలు నమ్మలే. కొత్త బిళ్ళ ఇచ్చిన్రు, పాతది దొరుకనే లేదు. పేరు మాత్రం "కిందున్న గట్టయ్య" అనే పడ్డది. ఆయన పోయి ఆరేండ్లు. ఆ పాత బిళ్ళ నీ పెట్టెల ఎట్ల పడ్డదో నాకేం ఎరుక?

ఒక్కటి మాత్రం ఎరుక. బిళ్ళ చేతికి అచ్చిందంటే షిఫ్టు పూరా చెయ్యాలె.

ఇట్లు,
నలభై ఏండ్లు దిగి, నలభై ఏండ్లూ ఎక్కిన
నీ తాత

తా.క.: దాన్ని పప్పు డబ్బల దాచకు. తినేటప్పుడు పంటికి తగుల్తది. గట్టయ్యకు పప్పంటే పాణం.


కరీంనగర్,
నవంబరు 4.

తాతకు జమున దండాలు.

నన్ను బెదిరియ్యాలని చూడకు. నువ్వే పెట్టినవని నాకు డౌటు. అందుకే పోయిన సోమవారం ఆ బిళ్ళను కాగితంల సుట్టి, మందం కవర్ల పెట్టి నీకే పోస్టు చేసిన. అందిందా?

ఇంకొక ముచ్చట రాయాల్నా వద్దా అని రెండు దినాలు చూసిన. పోస్టు చేసిన తెల్లారి, పగటీలి, అందరు క్లాసులకు పోయిన్రు. నేను తలకాయ నొస్తుందని రూంల ఉన్న. వరండల ఎవలో నడుస్తున్నరు. ఒక అడుగు "కిర్రు". ఒక అడుగు సప్పుడు లేదు. మల్ల "కిర్రు". కుంటుకుంట నడిచినట్టు. మా రూం తలుపు కాడికి అచ్చి ఆగింది. నేను "ఎవలు?" అన్న. తలుపు తీస్తే వరండ మొత్తం ఖాళీ. ఎండ పడి బండలు మెరుస్తున్నయి. ఆ బండల మీద, మా గడప ముందట, జరంత నల్లటి పొడి.

అది ఏలితోని ముట్టి చూసిన. బొగ్గు. మన ఇంట్ల పుట్టినోళ్ళకు బొగ్గు ఏదో, మసి ఏదో తెల్వదా?

సారలమ్మక్కను అడిగితే "నాకేం ఇనవడలే బిడ్డా" అని గిన్నెలు జోర్గ తోముకున్నది.

జల్ది జవాబు రాయి.

నీ జమున

తా.క.: గట్టయ్య తాతకు కాలు మంచిగనే ఉండెనా?


గోదావరిఖని,
నవంబరు 10.

ధైర్యవంతురాలు జమునకు తాత రాసేది,

బిళ్ళ రాలే. పోస్టుమ్యాన్ ఎల్లన్నను ఇంట్లకు పిలిచి కూసుండబెట్టి అడిగిన. చాయ్ తాగిండు, మిర్చి తిన్నడు, ఏం రాలేదన్నడు. ఇంకొక చాయ్ తాగి మల్ల అదే మాట అన్నడు. మనిషి నిజమే చెప్తున్నట్టున్నడు.

గట్టయ్య కాలు సంగతి నీకు ఎవలు చెప్పిన్రు? నేను రాయలే కదా. పెండ్లి ముచ్చటతోని పేరు చెడ్డంక ఆయన్ను నా పక్కకెళ్ళి తీసి లోపటి మలుపుకు ఏసిన్రు. ఆడనే కాలు మీద బొగ్గుపెళ్ళ పడ్డది. కుడి కాలు. అప్పటిసంది కుంటుడే. బూటు ఒక దిక్కే అరిగేది. గల్లిల వస్తుంటే ఇంట్ల కూసున్నోళ్ళకు ఎరుకయ్యేది.

నువ్వు ఆ టీసీ అప్లికేషన్ ఇచ్చినవా? ఇయ్యకపోతే ఇయ్యకు. నా కోసం కాదు. లెక్క తప్పితే కిందున్నోళ్ళకు కోపం.

ఇట్లు,
ఏమీ ఎరుగని
నీ తాత

తా.క.: మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగు అయితే ఇంట్ల గిన్నెలు గల్లుమంటయి కదా. నిన్న బ్లాస్టింగు లేదు. గిన్నెలు మాత్రం గల్లుమన్నయి. నీకు ఎందుకో చెప్పాలనిపిచ్చింది.


కరీంనగర్,
నవంబరు 29.

తాతా,

పోయిన శుక్రవారం పొద్దుగాల పది గంటలకు టీసీ కోసం ఆఫీసుకు బయలెల్లిన. అప్లికేషన్ తీద్దామని పుస్తకం తెరిచిన. నేను సంతకం చేసే జాగల నల్లటి ఏలిముద్ర. పెద్ద బొటనేలు. కాగితం ఎనుక దాక దిగింది.

సరే, ఇంకొక కాగితం మీద రాసిన. బూట్లు తొడిగిన. కుడి బూట్ల కాలుకు సల్లగ తగిలింది. తీసి చూస్తే అదే బిళ్ళ. 23. అదే సొట్ట. నీకు పోస్టు చేసిన బిళ్ళ.

అక్కడ్నే కూసొని ఏడ్చిన తాతా. అబద్ధం చెప్పను. ఏడుసుకుంటనే ఒకటి తట్టింది. ఇప్పుడు నేను టీసీ తీసుకొని పోతే అది కోచింగుకోసం పోవుడా, దీనికి బెదిరి పోవుడా? నాకే తెలుస్తలేదు. బిళ్ళకు బెదిరి హాస్టలు ఇడిసిపోయే పిల్లను ఏ ఫౌజ్ తీసుకుంటది?

అప్లికేషన్లు రెండూ చింపేసిన. ఇక్కడ్నే ఉంట. క్లాసులకు పోత, ఎన్‌సీసీల చేరుత, ఫారం నింపుత, పొద్దున ఉరుకుత. ఆ కిర్రు సప్పుడు వస్తే రానీ. నాకు భయం పోయేదాక ఈ కాలేజి ఇడువ.

బిళ్ళ సంగతి అంటవా, నిన్న దోస్తులతోని మానేరు డ్యాం మీదికి పోయి, చెయ్యి తిరిగినంత దూరం ఇసిరిన. అది మునుగుడు నా కండ్లతోని చూసిన. ఇగ అయిపోయింది.

నీ జమున

తా.క.: సారలమ్మక్క బొటనేలు వారం దినాలసంది నల్లగనే ఉన్నది. పెనం తోమిన అంటది.


గోదావరిఖని,
డిసెంబరు 5.

జనరల్ జమునకు,

నువ్వు ఉంటా అన్నందుకు ఒకేపారి జనరల్‌ను చేసిన. మీ నాయిన అన్నం రెండుసార్లు పెట్టిచ్చుకున్నడు.

మానేర్ల ఇసిరినవా? నిజంగనేనా? ఎంత లోతుంటది ఆడ? ఏం లేదు, ఉత్తగనే అడిగిన. ఎవలదో సామాను. అడుగకుండ పారేసినవ్ గదా అని.

పోనీ. పోయింది.

ఇట్లు,
తాత

తా.క.: చెప్పుల కిర్రు సంగతి అడుగకు. ఆ జోడు ఇప్పుడు నా దగ్గర లేదు.


కరీంనగర్,
ఆగస్టు 19.

తాతా! తాతా! తాతా!

పాసైన! భోపాల్ల నలభై రెండు మందిమి పోతే ముగ్గురమే మిగిలినం. ఇంకా మెడికల్ ఉన్నది, మెరిట్ లిస్టు ఉన్నది. అప్పటిదాక కాలేజికే పోత. నాయినకు వార్డెనమ్మ ఫోన్లకెళ్ళి చెప్పిన, ఏడ్చిండు. నీకు మాత్రం ఉత్తరమే రాస్తా అన్న.

మొదటి దినం ఛాతి మీద కట్టుకునే నంబరు బట్టలు పంచిన్రు. నాకేం వచ్చిందో చెప్పు. ఇరవై మూడు! నవ్వొచ్చింది. నవ్వంగనే పోయినసారి ఉన్న గుబులు పోయింది.

కత రాసే పరీక్షల పన్నెండో బొమ్మ ఉంటది చూడు, అది ఖాళీ తెర. ఏం కనవడదు. మనమే ఊహించుకొని రాయాలె. పోయినసారి కోచింగు పుస్తకంల కత దించిన. ఈసారి, మూసేసిన బాయి ల్యాంపు రూంలకు ఒక పిల్ల ఒక్కతే పోయి, ఎవలిదో బిళ్ళను ఖాళీ మొలకు తగిలేసి వచ్చిన కత రాసిన. నాలుగు నిమిషాలకు ముందే అయిపోయింది.

పెద్దసారు మల్ల అదే అడిగిండు. "ఈసారీ రాకపోతే?" "సార్, బీఎస్సీ రెండో సంవత్సరం నడుస్తుంది. సోమవారం ప్రాక్టికల్ ఉంది. పోయి చేసుకుంట" అన్న. ఆయన నవ్విండు తాతా. పోయినేడు నేను కాలేజి ఇడిసిపోయి ఉంటే ఏం చెప్పేదాన్ని?

ఆకరి దినం పేర్లు సదివినంక, రానోళ్ళందరు నంబరు బట్టలు ఇప్పి వాపస్ ఇచ్చిన్రు. మీ ల్యాంపు రూం లెక్కనే. నేను నా నంబరు ముట్టుకొని చూసుకుంటుంటే దాని ఎనుక, లోపటి దిక్కు, గట్టిగ తగిలింది. అదే బిళ్ళ. తడిగున్నది. అంకెల సందుల్ల ఒండ్రు మట్టి.

ఈసారి బెదరలే. ఎందుకంటే నీ ఆట నాకు ఎప్పుడో ఎరుకైంది. పెట్టెల పెట్టింది నువ్వు. కిర్రు చెప్పులు నీవి, మొదటి ఉత్తరంల నువ్వే రాసినవు. బొటనేలు సారలమ్మక్కది. కని తాతా, మానేర్లకెళ్ళి ఎట్ల తీపిచ్చినవు? భోపాల్ దాక ఎవలను పంపినవు? నీకు ఫుల్ మార్కులు. బిళ్ళను ఈ కవర్లనే పెడుతున్న.

నీ లెఫ్టినెంటు (ఇంకా కాలే)
జమున

తా.క.: సారలమ్మక్కను అడిగిన. అన్నిటికి ఒప్పుకున్నది. భోపాల్ సంగతి చెప్పంగనే చేతులకెళ్ళి గరిటె కింద పడేసుకున్నది.


గోదావరిఖని,
ఆగస్టు 27.

నా బిడ్డ జమునకు తాత ఎల్లేశం రాసేది,

ఈపారి ర్యాంకులు పెడుతలేను. జమున అంటేనే పెద్దగున్నది.

నువ్వు పాసైన ముచ్చటకు గల్లి మొత్తానికి లడ్డూలు పంచిన. భూపాల్ మాత్రం "మేజర్ అయినంక మల్ల పరీక్షలేంది?" అని అడుగుతుండు.

నువ్వు కనిపెట్టింది అంత నిజమే. బిళ్ళ నీ పెట్టెల పెట్టిపిచ్చింది నేనే. నువ్వు పోస్టు చేసింది నాకు అందింది. ఎల్లన్నకు రెండు చాయ్‌లు, ఒక ప్లేటు మిర్చి పెట్టి నోరు మూపిచ్చిన. సారలమ్మ అక్టోబర్ల పండుగకు ఇంటికి వస్తే నా చెప్పులు, సంచెడు బొగ్గుపొడి, ఆ బిళ్ళ ఆమె చేతికిచ్చి పంపిన, నువ్వు పోస్టు చేసినంక బిళ్ళను మల్ల ఆమెకే చేరేసిన. ఏలిముద్ర ఆమె సొంత తెలివి. అంత నువ్వు కాలేజి ఇడువొద్దనే. నా ముఖం చూసి మాఫ్ చెయ్యి.

కని నా దగ్గర ఒక్కటే బిళ్ళ ఉండె బిడ్డా. అది నువ్వు మానేర్ల ఇసిరినవు.

నేను భోపాల్‌కు ఎవలను పంపలే. నాకు ఆడ ఎవలు ఎరుక? నీ కవరు ఇప్పంగనే అది బండ మీద పడి, గుండ్రంగ తిరిగి, నా కాలి కాడ ఆగింది. అదే సొట్ట. ఉతికిన, తుడిచిన, ఎండల పెట్టిన. ఇంకా తడిగనే ఉన్నది.

నన్ను ఉల్టా బెదిరియ్యాలని నువ్వే ఎవలనన్న నీళ్ళల్లకు దించి తీపిచ్చినవని అనుకుంటున్న. అంతే కదా? అట్లనే అని ఒక్క ముక్క రాయి. అబద్ధమైనా సరే, రాయి.

చెప్పులను సారలమ్మ పోయిన ఎండకాలమే పొయిలేసిందట. మరి నిన్న పగటీలి నేను ముందటింట్ల కుర్సీల కూసుంటే గల్లిల "కిర్రు" మన్నది. ఒక అడుగు ఇడిసి ఒక అడుగు. మెల్లగ అచ్చి మన గేటు కాడ ఆగింది. నేను "ఎవలు?" అన్న. లేచి చూస్తే గేటు కాడ ఎవలు లేరు.

జల్ది జవాబు రాయి.

ఇట్లు,
నీ తాత ఎల్లేశం

తా.క.: కవరు అంటిద్దామని గమ్ము పెట్టేటాలకు గేటు కాడ మల్ల ఇనవడ్డది. ఇంకా పోలే, ఆడనే ఉన్నది. అందుకే రాస్తున్న, గట్టిగ సదువుకుంట రాస్తున్న, గేటు దాక ఇనవడాలని. ఆ పెండ్లి దినం గట్టయ్య బిళ్ళ తగిలేసే పోయిండు. మొల మీదికెళ్ళి తీసి జేబులేసుకున్నది నేనే. ఉత్తగనే, నవ్వుకుందామని.